రైట్ క్లిక్ మర్యాదలు

నలభై యేండ్లు దాటి, జుట్టు కొంచెము నెరసి, హైదరాబాదులోనో బెంగుళూరులోనో డల్లాసులోనో స్థిరపడి, సంక్రాంతికి మాత్రము గజపతినగరము వచ్చి పోవు మా ఊరి విద్యావంతులలో ఇటీవల ఒక విచిత్రమైన విలాపము బయలుదేరినది. మెంటాడ రోడ్డున టీ దుకాణము ముందర నలుగురు చేరి, పంటలను గూర్చియు పిల్లల ఫీజులను గూర్చియు మాటలు ముగిసినంతనే, వారిలో నొకరు దీర్ఘముగ నిట్టూర్చి, "ఏమన్నా అను బావా, యాహూ మెసెంజర్ రోజులే రోజులు. ఎంత మర్యాదగా ఉండేది! ఎవరినీ నొప్పించక్కర్లేదు" అనును, తక్కిన మువ్వురును, గతించిన మహాపురుషుని సంస్మరణ సభలో వలె, తలలు వంచి ఊపుదురు. వారి వాదముయొక్క సారాంశమేమనగా, ఆ కాలమున జాబితాలోని పేరు మీద రైట్ క్లిక్ చేసినంతనే ఒక చిన్న పట్టిక జారిపడెడిది. అందు పలుకరించుట కొక వరుస, ఫైలు పంపుట కొక వరుస, ముఖము చూపుట కొక వరుస, ముఖము దాచుట కొక వరుస, వినకుండుట కొక వరుస, తుడిచివేయుట కొక వరుస అమరియుండెడివి. ఇన్ని ఉపాయము లొక్కచోట కూడియుండగా మనుష్యుల నడుమ కలహమున కవకాశ మెక్కడిది? ఈ మాటను నేను పలుమారులు విని, మర్యాదకొఱకే మిన్నకుంటిని. ఇక మిన్నకుండుట మర్యాద కాదని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పిన్నవయస్కుల కొఱకు పూర్వకథను క్లుప్తముగ చెప్పవలసియున్నది. 1996 నవంబరులో ఇజ్రాయేలు దేశపు కుఱ్ఱవాండ్రు కొందఱు ఐసీక్యూ అను పేర ఒక సరకును లోకముమీదికి వదలిరి. రెండేండ్లు నిండకమునుపే అమెరికా ఆన్‌లైన్ అను సంస్థ దానిని కోట్లకొలది డాలర్లు పోసి కొనెను. ఆ సంస్థయే అంతకు ముం దేడాది ఎయిమ్ అను తన సొంత సరకును సయితము అంగడి కెక్కించియుండెను. 1998 మార్చిలో యాహూ పేజరు జన్మించి, మరుసటి యేట యాహూ మెసెంజరను నామకరణమును పొందెను. 1999 జూలైలో మైక్రోసాఫ్టువారి ఎమ్మెస్సెన్ మెసెంజరు వచ్చెను. మన దేశమున 1995 ఆగస్టు 15వ తేదీన విదేశ సంచార నిగమువారు ఇంటర్నెట్టు తలుపులను ప్రజలకు తెఱచిరి గాని, ఆ భాగ్యము విజయనగరము దాటి, సాలూరు మీదుగా రాయపూరు పోవు రహదారి వెంబడి, చంపావతి యొడ్డుననున్న మా ఊరి కెక్కివచ్చుటకు మఱికొన్ని యేండ్లు పట్టెను. వచ్చినపుడు మాత్రము అది ఒంటరిగా రాక, జిరాక్సు యంత్రముతోను ఎస్టీడీ బూతుతోను కూల్‌డ్రింకుల పెట్టెతోను ఒకే గదిలో కాపురము పెట్టెను. ప్లైవుడ్డు చెక్కలతో అఱలు, అఱ కొక పరదా, పరదా వెనుక అక్షరము లరిగిపోయిన కీబోర్డు, గంటకు ఇంతయని రుసుము: ఇదియే నెట్ సెంటరు. మా ఊరి మర్యాద అచ్చటనే శిక్షణ పొందినదని ఆ టీ దుకాణపు పండితుల యభిప్రాయము.

శిక్షణ మొదటిపాఠము స్థితి ప్రకటన. మెసెంజరున కూర్చున్నవాడు తాను ఏ యవస్థలో నున్నాడో లోకమునకు చాటవలెను. చాటుటకు తగిన వాక్యములను కాలిఫోర్నియాలోని కంపెనీవారే వ్రాసిపెట్టియుండిరి. ఇప్పుడే వచ్చెదను, పనిలో నున్నాను, నా బల్లవద్ద లేను, ఫోనులో నున్నాను, ఆఫీసులో లేను, భోజనమునకు పోయితిని, సెలవులో నున్నాను, బయటికి పోయితిని: ఇదీ ఆ జాబితా. ఈ వాక్యములను కూర్చిన మహనీయుని కండ్లయెదుట ఎవడుండెనో ఊహించుట కష్టము కాదు; వానికి బల్ల గలదు, బల్లమీద ఫోను గలదు, ఫోనున్న ఆఫీసు గలదు, ఆఫీసు ఇచ్చు సెలవు గలదు. ఇక మా కుఱ్ఱవానిని చూడుడు. ఇంటర్మీడియేటులో రెండు సబ్జెక్టులు మిగిలియుండగా, ఇంట సైకిలుకు ట్యూబు వేయించుట కిచ్చిన డబ్బుతో పరదా వెనుక కూర్చున్నవాడు, సాయంకాలము నాలుగు గంటలవేళ 'భోజనమునకు పోయితిని' అని ప్రకటించి, విజయనగరములో మఱొక పరదా వెనుక కూర్చున్న తన మిత్రుడు దానిని చూచి అసూయపడునని నమ్మి, అఱగంట సేపు కదలక కూర్చుండెడివాడు. 'నా బల్లవద్ద లేను' అనునపుడు బల్ల నెట్ సెంటరువానిది. 'ఫోనులో నున్నాను' అనునపుడు ఫోను ఎస్టీడీ బూతుది. 'ఆఫీసులో లేను' అన్నది మాత్రము పరమసత్యము, నాటినుండి నేటివఱకు వాడే యాఫీసులోను లేడు. ఇతరుని జీవితము నుండి ఎరువు తెచ్చుకొన్న వాక్యములతో తన సంగతి చెప్పుకొనుట మర్యాద యెట్లగునో నాకు బోధపడదు. నాటకములో అంటిన మీసమునకును దానికిని భేదమేమో ఆ పండితులే చెప్పవలెను.

రెండవపాఠము బంధుమిత్రులను గుంపులుగా విభజించుట. యంత్రము ముందుగ 'ఫ్రెండ్స్' అను ఒక్క బుట్టను చేతికిచ్చెడిది. కావలసినవారు 'ఫ్యామిలీ' యనియు 'కో వర్కర్స్' అనియు మఱికొన్ని బుట్టలను అల్లుకొనవచ్చును, పేరుమీద రైట్ క్లిక్ చేసి మనుష్యుని ఒక బుట్టనుండి మఱొక బుట్టలోనికి దొర్లింపవచ్చును. మా ప్రాంతమున మనుష్యుడు పుట్టుటయే నూరు వరుసల నడుమ పుట్టును. వేలువిడిచిన మేనమామ ఏ బుట్టలో పడవలెను? తోడల్లుని చెల్లెలి మగడు మనవాడా కాడా? ఇరుగింటి పెద్దాయనను పుట్టినది మొదలు తాతా యని పిలుచుచుంటిమే, కులము వేఱు, గోత్రము వేఱు, ఆ తాతను 'ఫ్యామిలీ'లో వేసిన సొంత తాత యేమనును, 'ఫ్రెండ్స్'లో వేసిన ఊరేమనును? ఈ చిక్కు తీఱక మా వారందఱును అందఱిని 'ఫ్రెండ్స్'లోనే కుక్కిరి. ఆ విధముగా చిన్నాన్నయు, బాకీదారుడును, పాఠశాలలో చెవి మెలిపెట్టిన మాస్టారును, ముఖము తెలియని ఫిలిప్పీన్సు దేశపు మిత్రురాలును ఒకే పంక్తిని అక్షరక్రమమున కూర్చుండిరి. అక్షరక్రమమున మాస్టారికన్న ముందు బాకీదారుడు రావచ్చును. అది మాత్రము లోకరీతియే.

ఇక అసలు ఘట్టమునకు వత్తము. ఆ పట్టికలలో నెల్ల మా వారు హృదయమున పెట్టుకొని పూజించినది 'ఇన్విజిబుల్' అను వరము. దానిని పొందినవాడు లోకమును చూచును, లోకము వానిని చూడదు. పురాణములలో ఈ సిద్ధికొఱకు మునులు ముక్కు మూసుకొని తపస్సు చేసిరి. ఇచ్చట గంట రుసుము చెల్లించిన చాలును. అయితే విజయనగరమువారికి ఈ విద్య కంప్యూటరు రాకతోనే తెలిసినదనుట మా జిల్లాకు అపచారము. గురజాడ అప్పారావుగారు, 1892లో మొదట ప్రదర్శింపబడిన తమ కన్యాశుల్కమును తిరుగవ్రాసి 1909లో అచ్చు వేయించినప్పుడే, మధురవాణి యింట మంచముక్రింద దీని ప్రయోగమును సాంగోపాంగముగ చూపియున్నారు. తలుపు చప్పుడు కాగానే రామప్పంతులు మంచముక్రింద దూఱును. కొంతసేపటికి పూటకూళ్ళమ్మ చీపురు పుచ్చుకొని రాగానే గిరీశమును ఆ మంచముక్రిందికే దూఱును. ఒకరికి తెలియకుండ ఒకరు అదృశ్యులైన ఆ యిద్దఱు పెద్దమనుష్యులు అచ్చట ఒకరికొకరు తగిలి, తుదకు చీపురుదెబ్బ రామప్పంతులుకు దక్కగా గిరీశము జాఱుకొనును. మెసెంజరు చరిత్రయంతయు ఇందు ఇమిడియున్నది. ఇరువురు స్నేహితులు ఏకకాలమున 'ఇన్విజిబుల్' పెట్టుకొని, ఎదుటివాడు వచ్చిన పలుకరింతమని ఎవరికివారే కాచుకొని, బూడిదరంగు పేరువైపు చూచుచు, గంట గడచి, రుసుము చెల్లించి, "వాడు రాలేదు" అని చెప్పుకొనుచు ఇండ్లకు పోయిన సందర్భము లెన్నియో. మంచముక్రింద కనీసము చోటు ఇఱుకు గనుక భుజములు తగిలినవి. మెసెంజరులో ఆ యదృష్టమును లేదు. చీపురుకు సాటియైనది కూడ పుట్టకపోలేదు: ఎవడు నిజముగ లేడో, ఎవడు లేనట్లు నటించుచున్నాడో కనిపెట్టి చెప్పెదమను వెబ్‌సైట్లు ఆ రోజులలోనే బయలుదేరి, పేరు టైపు చేసిన గుట్టు విప్పెడివి. అనగా దాగుటయు పట్టుటయు రెండును వృత్తులైనవి. నడుమ మాటలాడుట యను పని ఎవరికిని లేకపోయెను. ఇంతటి యంత్రాంగమునకు మర్యాద యని పేరు పెట్టుటకు రామప్పంతులు సైతము సిగ్గుపడును.

ఇన్విజిబుల్ అందఱికి సమానముగ వర్తించునది గనుక అందు కొంత నిష్పక్షపాతమైనను కలదు. పేరుమీద రైట్ క్లిక్ చేయగా వచ్చు 'స్టెల్త్' వరుస అట్టిది కాదు. అది ఎంపిక చేసి దాచును: ఈ మనుష్యునికి ఎల్లప్పుడు కనబడుదును, ఆ మనుష్యునికి ఎన్నడును కనబడను అని కుఱ్ఱవాడు నియమము విధింపవచ్చును. ఈ వరుసకు గుఱియైన వారెవరో మా నెట్ సెంటరు యజమాని యెఱుగును. ఆదివారము ఉదయము పొలము పనులు పురమాయించి, ఉతికిన పంచె కట్టుకొని, చుట్టుప్రక్కల గ్రామములనుండి వచ్చి బస్సు దిగి, "మా బాబు అమెరికాలో ఉన్నాడండి, కొంచెం కలిపి పెట్టు బాబూ" అని యర్థించు తండ్రులే వారు. యజమాని ఓపికగా ఐడీ తెఱచును; కుమారుని పేరు బూడిదరంగుననే యుండును. "బాబు నేడండి, పడుకున్నాడేమో" అని యజమాని చెప్పును. తండ్రి అచ్చటి కాలమును వ్రేళ్ళమీద లెక్కించి, అచ్చట ఇప్పుడు రాత్రి పదిగంటలే గదా, ఇంత పెందలకడ పడుకొన్నాడంటే ఒంట్లో బాగుండలేదు కాబోలునని దిగులుతో లేచును. పక్క అఱలోని కుఱ్ఱవాని తెఱమీద అదే అమెరికా బాబు పేరు పసుపుపచ్చని నవ్వుముఖముతో వెలుగుచుండును. ఎవనినీ నొప్పింపలేదని ఆ కుమారుడు ఈనాడు టీ దుకాణము ముందర సాక్ష్యము చెప్పుచున్నాడు. నిజమే, తండ్రికి జ్వరపు దిగులు తప్ప వేఱొక నొప్పి కలిగింపలేదు. "నాన్నా, ఈ వారం పని ఉంది, మాట్లాడలేను" అను వాక్యమును వ్రాయుటకు పట్టు కాలము, ఆ వరుసను వెదకి నొక్కుటకు పట్టు కాలముకన్న తక్కువ. అయినను ఆ వాక్యమునకు ముఖము కావలెను, వరుసకు అక్కఱలేదు.

పూర్వము మా ఊళ్ళో తప్పించుకొనుట లేదని నేనన్నచో బాకీదారులందఱును నామీదికి వత్తురు. ఉండెడిది, కాని అది శ్రమతో కూడిన విద్య. అప్పిచ్చినవాడు రహదారి వెంబడి ఎదురగుచున్నాడని దూరమునుండి గుర్తించుటకు కన్ను కావలెను, సందులోనికి మళ్ళుటకు కాలు కావలెను, సందులో ఎవరింటిలోనికో పోయి "అమ్మ బాగుందా" అని పలుకరించుటకు నోరు కావలెను. ఆ యింటివారు మజ్జిగ యిచ్చిన త్రాగవలెను, త్రాగి వారి కష్టసుఖములు వినవలెను. ఒక్కని తప్పించుకొనబోయి నలుగురితో మాటలాడవలసివచ్చెడిది. పట్టుబడినచో, "నేనే మీ యింటికి బయలుదేరాను" అని అబద్ధమాడుటకు ముఖకండరములు కదలవలెను. ఎదుటివాడు ఆ కండరములను చదువుకొని ఎంత నమ్మవలెనో అంత నమ్మెడివాడు. తప్పించుకొనబడినవానికి తాను తప్పించుకొనబడితినని తెలిసెడిది, తెలిసినదని తప్పించుకొన్నవానికి తెలిసెడిది. ఈ తెలివిడియే వ్యవహారము. 'ఇగ్నోర్' అను వరుసలో ఈ తెలివిడి లేదు. నొక్కినవాని తెఱమీద ఎదుటివాని మాట పడదు. ఎదుటివానికి మాత్రము ఆ సంగతి చెప్పబడదు. వాడు మాటలు పంపుచునే యుండును, అవి పోయి యెచ్చట పడినవో ఎఱుగడు, మొదట ఆలస్యమనుకొనును, పిదప అనారోగ్యమనుకొనును, పిమ్మట తన తప్పేమో వెదకుకొనును. కులపెద్దలు విధించిన వెలి క్రూరమైనది, దానిని మెచ్చుకొనువాడను కాను, అది పోయినందుకు సంతోషించువారిలో నేనొకడను. కాని ఆ క్రూరులు సైతము వెలి వేసిన సంగతిని వెలిపడినవానికి తెలుపకుండ నుండలేదు. కారణము చెప్పిరి, తప్పో ఒప్పో శిక్ష చెప్పిరి, తిరిగి కలుపుకొనుటకు ఏమి చెల్లింపవలెనో అదియు చెప్పిరి. తలారి కేక లేక, తీర్పు లేక, గడువు లేక మనుష్యుని వెలివేయగల్గినవాడు మొట్టమొదట పరదా వెనుకనే పుట్టెను.

ఈ సందర్భమున ఎయిమ్‌వారి 'వార్న్' అను వరుసను గూర్చి ఒక మంచిమాట చెప్పకుండుట అన్యాయము. ఎవడైన దుర్భాషలాడినచో విన్నవాడు ఆ వరుస నొక్కవచ్చును. అంతట పలికినవాని హెచ్చరికశాతము పెరుగును, పెరిగినకొలది వాని మాటలవేగము తగ్గును, హద్దు మీఱిన వాని నోరు కట్టుబడును. పేరు చెప్పియు హెచ్చరింపవచ్చును, పేరు దాచియు హెచ్చరింపవచ్చును. అయితే పేరు చెప్పినవాని హెచ్చరికకు బరువు హెచ్చు. ఇన్ని పట్టికలలోను ముఖమునకు విలువ కట్టిన వరుస నాకు కనబడినది ఇదొక్కటే. పదిమంది ఒక కట్టుగా చేరి నిరపరాధిని హెచ్చరించి మూగవానిని చేయు విద్యను కుఱ్ఱవాండ్రు వారము తిరుగకమునుపే కనిపెట్టిరనుకొనుడు. పంచాయతీ యన్నచోట కక్ష యుండకపోదు. కంపెనీవారు తరువాతి కూర్పులలో ఆ వరుసనే ఎత్తివేసిరి. యాహూవారి 'బజ్' మాత్రము మిగిలినది. అది నొక్కినచో ఎదుటివాని కిటికీ గడగడ వణకి గీపెట్టును. దానిని గూర్చి చెప్పవలసినది లేదు. తలుపు తట్టువాడు ఎవడైనను మొదట ఒకసారియే తట్టునను విశ్వాసము దానితో పోయినది.

ఇంతవఱకు ఆ పట్టికలు పనిచేసినవని యొప్పుకొనియే వాదించితిని. నిజమునకు నెట్ సెంటరులో అవి పనిచేసిన దెప్పుడు? పాస్‌వర్డును జ్ఞాపకముంచుకొనుమని యంత్రము అడిగినపుడు, పిలుపు వచ్చిన తొందరలో, బస్సు వచ్చిన తొందరలో, కరెంటు పోవునేమో యను తొందరలో, మా వారు సరేయని గుఱుతు పెట్టి లేచిపోయెడివారు. తరువాత వచ్చి కూర్చున్నవాడు మెసెంజరు తెఱచినంతనే, మునుపటివానిగా మాఱిపోయెడివాడు. మునుపటివాడు ఎంతయో యాలోచించి చిన్నాన్నకు కనబడకుండ పెట్టిన తెరలను ఈ కొత్తవాడు ఒక్క రైట్ క్లిక్కుతో తొలగించును, వెలి వేసినవారిని కలుపును, కలిసియున్నవారిని వెలి వేయును, దాచియుంచిన పాతసంభాషణలను తీఱికగా చదివి, నచ్చినవానిని పక్క అఱవారికి వినిపించును. మా బజారులో ఒక మధ్యాహ్నము ఇట్లే ఒక కుఱ్ఱవాని పేర మఱొక కుఱ్ఱవాడు వాని మేనమామకు "నాకు మీ అమ్మాయి ఇష్టం లేదు" అని వ్రాసి, రెండు కుటుంబముల సంబంధమును తప్పించినంత పనిచేసెను. విచారణలో తేలినదేమనగా, అసలు కుఱ్ఱవానికి నిజముగనే ఇష్టము లేదు, చెప్పుటకు ధైర్యము లేక ఏడాదిగా మేనమామకు ఇన్విజిబుల్‌గా నున్నాడు! దొంగ వ్రాసిన వాక్యమే ఆ జాబితాలో ఏడాది కాలమున వెలువడిన తొలి నిజాయితీయైన వాక్యమని నేను భావించుచున్నాను.

తమ పట్టికకు తామే ప్రభువులమని విఱ్ఱవీగినవారికి అసలు ప్రభువెవరో తెలియుటకు ఎక్కువకాలము పట్టలేదు. 2012 డిసెంబరులో యాహూవారు తమ చాట్ గదులకు తాళము వేసిరి. 2013లో మైక్రోసాఫ్టువారు తమ మెసెంజరును మూసి జనులను స్కైపులోనికి తోలిరి. 2017 డిసెంబరు 15న ఎయిమ్, 2018 జూలై 17న యాహూ మెసెంజరు, 2024 జూన్ 26న, అందఱికన్న ముందు పుట్టిన ఐసీక్యూ, వరుసగా కాలము చేసినవి. ఎచ్చటనో దూరదేశమున ఎవడో తుది వరుసను నొక్కెను. మా వారు జాగ్రత్తగా అల్లుకొన్న బుట్టలు, తెరలు, వెలులు అన్నియు ఒక్కసారిగ తుడుచుకొనిపోయినవి. కావలసినవారు పాత సంభాషణలను దించుకొనవచ్చునని యాహూవారు కొన్ని నెలల గడువిచ్చిరి. మా ఊరివారిలో దించుకొన్నవా రెవరును నాకు తగులలేదు. ఐడీయే గుర్తు లేదని పలువురు చెప్పిరి.

మెసెంజరు చచ్చినది గదా, చచ్చినదానిమీద ఈ కత్తి యేల యని అడుగువారుందురు. చావలేదు. వాట్సాప్‌ను 2009లో స్థాపించిన జాన్ కూమ్, బ్రయాన్ ఆక్టన్ అను ఇద్దఱును యాహూలో పనిచేసి బయటికి వచ్చినవారే. పాత వరుసలు కొత్త గుడ్డలు కట్టుకొని మా వారందఱి జేబులలోనికి చేరినవి. 2014 నవంబరులో వాట్సాప్‌వారు, చదివిన మాటకు నీలపు గీతలు పడునట్లు చేసిరి. లోకమున హాహాకారము చెలరేగి, ఆ నెల తిరుగకమునుపే ఆ గీతలను కప్పిపుచ్చు వరుసను చేర్పవలసి వచ్చెను. చదివితినని తెలియుట మర్యాదకు భంగమట! ఒక మనుష్యుని గొంతును నొక్కిపెట్టుటకు ముందు ఎనిమిది గంటలు, ఒక వారము, ఒక సంవత్సరము అని గడువులుండెడివి. 2020లో సంవత్సరమును తీసివేసి ఆ స్థానమున 'ఎల్లప్పుడు' అని చేర్చిరి. సంవత్సరము పెట్టినపుడు కనీసము మఱుసటి సంక్రాంతికి ఒకసారి ఆ గొంతు వినబడెడిది. 2022లో గుంపునుండి ఎవరికిని తెలియకుండ జాఱుకొనిపోవు వరుస వచ్చినది. పెద్దలకు తప్ప ఎవరికిని చాటింపు పడదు. మంచముక్రిందనుండి జాఱుకొనిపోయిన గిరీశమునకు ఈ సదుపాయమున్నచో ఆ నాటకమున సగము రంగములు వ్రాయవలసిన పని తప్పియుండెడిది.

పెండ్లి పిలుపుల సంగతి ఈ వాదమునకు మూలము గనుక దానిని కొంచెము విస్తరించెదను. మా వైపున పెండ్లి నిశ్చయమైనపుడు ఆడువారు కుంకుమభరిణె పట్టుకొని గడపగడపకు పోయి బొట్టు పెట్టి పిలుతురు. ఏ గడప విడిచిపెట్టిరో ఊరంతయు చూచును, విడిచిపెట్టబడిన గడపవారు అందఱికన్న ముందు చూతురు. పొలముగట్టు విషయమున తగవు వచ్చిన అన్నదమ్ములు ఈ విడిచిపెట్టుట చేతనే తమ తగవును లోకమునకు చాటుదురు. చాటినందున లోకమునకు దానిలో జోక్యము కలిగించుకొను హక్కు వచ్చును. ఇట్లే మాకు తెలిసిన ఒక ఇంట అన్నదమ్ములు ఏండ్ల తరబడి ముఖములు చూచుకొనలేదు, ఒకరి యింటి కావిడికి ఇంకొకరు ఎదురుపడలేదు, ఒకరి పేరు ఇంకొకరి ముందర పలికినవాడు తిట్లు తినెను. కాని తమ్ముని కూతురు పెండ్లి నిశ్చయమైనపుడు పెద్దమనుష్యులు నలుగురు కూర్చుండి, గట్టును కొలిపించి, తప్పు నీది ఇంత, నీది ఇంత అని తేల్చి, మఱదలిచేత వదినగారికి బొట్టు పెట్టించిరి. వదినగారు కంట తడిపెట్టి, వెంటనే పిండివంటల బాధ్యతను తాను తీసికొని, మొదటిరోజుననే తోడికోడలితో నూనె విషయమై తగవుపడెను. సంబంధ మనగా అదియే.

ఆ యన్నదమ్ముల కొడుకులు ఇరువురు, వరుసకు అన్నయు తమ్ముడును, ఒకడు హైదరాబాదున, ఒకడు న్యూజెర్సీలో ఉన్నారు. చిన్నప్పుడు ఒకే పరదా వెనుక ఒకే కుర్చీమీద కూర్చుండి ఒకే ఐడీతో మెసెంజరు నేర్చినవారు. వారి నడుమ గట్టు లేదు, తిట్లు లేవు, ఏనాడును మాట తూలలేదు. అయినను కొన్ని యేండ్లుగా ఒకరితో ఒకరికి మాటలేదు. ఈ సంగతి పెండ్లిపందిట్లో బయటపడగా, ఉత్సాహము మీదనున్న ఆ పెద్దమనుష్యులే, వచ్చిన పని ఎట్లును సఫలమైనది గదా యని, వీరిని గూడ కలుపుదమని పూనుకొని, ఇద్దఱిని అరుగుమీద కూర్చుండబెట్టి, తగవేమని యడిగిరి. న్యూజెర్సీ కుఱ్ఱవాడు ఆశ్చర్యపడి, "తగువేంటి పెదనాన్నా, అన్నయ్యంటే నాకు చాలా గౌరవం" అనెను. హైదరాబాదువాడు, "మేమెప్పుడూ ఒక మాటనుకోలేదండీ" అనెను. ఇద్దఱి చేతులలోను ఫోనులు వెలుగుచుండెను. ఆ ఫోనులలో ఒకరి పేరు ఇంకొకరికి 'ఎల్లప్పుడు' అను వరుస క్రింద నొక్కిపెట్టబడి యుండెనని ప్రక్కన నిలిచిన మేనల్లుడు చూచి నాకు చెప్పెను గాని, పెద్దమనుష్యులకు ఆ భాష రాదు. ఎవరేమన్నారో తెలియదు, ఎప్పుడు మొదలైనదో తెలియదు, కొలిపించుటకు గట్టు లేదు. గంటసేపు అటునిటు ప్రశ్నించి, కాఫీలు రెండు విడతలు త్రాగి, వారిలో పెద్దవాడు పైగుడ్డ దులిపి భుజమున వేసికొని, "ఏటి తగువో తెలీకుండా మేమేటి తీర్చగలం బాబూ" అని, మెంటాడ పోవు ఆఖరు బస్సు దొరకదేమో యని మిగిలిన మువ్వురిని తొందరపెట్టి లేవదీసెను.